కార్బోనిఫెరస్ ఫెర్న్ శిలాజాలను గుర్తుపట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లటి రాతిపలక మీద ఈకలా పరుచుకున్న ఆకు కనబడగానే ఎవరి నోటి నుంచైనా వచ్చే మొదటి మాట ‘ఫెర్న్’. ఆ మాట తప్పయ్యే అవకాశం చాలా ఎక్కువ. కార్బోనిఫెరస్ ఆకుల విషయంలో దూరం నుంచి కనిపించే రూపాన్ని నమ్ముకుంటే దారి తప్పుతాం. అసలు సంగతి ఆకు ఈనెల్లో ఉంటుంది, పత్రకం కాడకు అతుక్కున్న చోట ఉంటుంది. కింది జవాబులన్నీ ఆ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

కార్బోనిఫెరస్ అంటే ఎప్పటి కాలం?

సుమారు 35.9 కోట్ల సంవత్సరాల క్రితం మొదలై, 29.9 కోట్ల సంవత్సరాల క్రితం ముగిసిన యుగం. ‘బొగ్గును మోసేది’ అని ఆ పేరుకు అర్థం. ఇంగ్లండు భూవిజ్ఞానులు విలియం కోనీబేర్, విలియం ఫిలిప్స్ 1822లో ఈ పేరు పెట్టారు. దీని తొలి భాగం మిస్సిసిపియన్, మలి భాగం పెన్సిల్వేనియన్. సేకరణల్లో కనిపించే ఆకుల్లో అత్యధికం మలి భాగానివి. బొగ్గు పొరకు సరిగ్గా పైకప్పులా ఉండే షేల్ రాతిలో (బురద గట్టిపడి పొరలుగా మారిన రాయి) అవి దొరుకుతాయి. చిత్తడి అడవి మీదికి వరద బురద వచ్చి పడినప్పుడు ఆకులు చదునుగా పరుచుకుని, గాలి తగలకుండా పూడిపోయాయి.

ఇప్పటి అమెరికా తూర్పు భాగం, కెనడాలోని నోవా స్కోషియా, బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ, పోలండ్, ఉక్రెయిన్‌లోని దోన్‌బాస్ అప్పట్లో భూమధ్యరేఖకు దగ్గరగా ఒకే పట్టీలో ఉండేవి. అందుకే వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న గనుల్లో ఒకే ఆకు కనిపిస్తుంది.

నా రాతిలో ఉన్నది నిజంగా ఫెర్నేనా?

ఫెర్న్ కావచ్చు, విత్తన ఫెర్న్ కావచ్చు. రెండో పేరు చూసి మోసపోకండి. విత్తన ఫెర్న్ అంటే విత్తనాలు కాసే ఫెర్న్ కాదు. ఫెర్న్ ఆకులాంటి ఆకు ఉండి, విత్తనాలతో వంశం నిలుపుకున్న వేరే మొక్క. బంధుత్వం చూస్తే అది సైకాస్, పైన్ వంటి వివృతబీజాలకే (కాయలో దాగకుండా విత్తనం బయటికే ఉండే మొక్కలకే) దగ్గర.

పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం దీన్ని ఫెర్న్‌ల యుగమనే అనుకున్నారు. అయితే ఒక అనుమానం మాత్రం పీడిస్తూ వచ్చింది. కొన్ని రకాల ఆకులు వేలకొద్దీ దొరికినా ఒక్కదాని వెనుకవైపునా సిద్ధబీజాశయాలు (విత్తనాలకు బదులు ఫెర్న్ వెదజల్లే పొడిలాంటి సిద్ధబీజాలుండే చిన్న తిత్తులు) కనబడలేదు. కాండాల లోపలి నిర్మాణం సగం ఫెర్న్‌లా, సగం సైకాస్‌లా ఉందని గమనించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెన్రీ పొటోనియే 1899లో వీటికి సైకడోఫిలిసీస్ అని పేరు పెట్టాడు. ముడి వీడింది 1903లో. ఫ్రాన్సిస్ ఆలివర్, డ్యూకిన్‌ఫీల్డ్ హెన్రీ స్కాట్ అనే ఇద్దరు బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులు లాజినోస్టోమా అనే చిన్న విత్తనాన్ని పరిశీలిస్తూ, దాన్ని కప్పిన తొడుగు మీద గుండుసూది తలలాంటి గ్రంథులను చూశారు. అచ్చం అలాంటి గ్రంథులే లిజినోప్టెరిస్ అనే మొక్క కాండం మీద, ఆకు మీద ఉన్నాయి. ఆ కాలపు మరే మొక్కకూ అలాంటివి లేవు. విత్తనమూ ఆకూ ఒకదానికొకటి అతుక్కుని దొరకకపోయినా, గ్రంథుల సాక్ష్యంతో ఒకే మొక్కవని తేల్చారు. వేలిముద్రలతో దొంగను పట్టినట్టే.

స్థూలంగా చెప్పాలంటే అలెథోప్టెరిస్, న్యూరోప్టెరిస్, ఒడొంటోప్టెరిస్, లొంకోప్టెరిస్, లినోప్టెరిస్, మారియోప్టెరిస్ ఆకులు విత్తన ఫెర్న్‌లవి. పెకోప్టెరిస్ ఆకుల్లో ఎక్కువ భాగం నిజమైన ఫెర్న్‌లవి. స్ఫీనోప్టెరిస్‌లో రెండు రకాలూ కలిసి ఉన్నాయి.

మరి అన్నింటి పేర్లలోనూ ‘ప్టెరిస్’ ఎందుకు ఉంది?

గ్రీకులో ప్టెరిస్ అంటే ఫెర్న్. ఈ పేర్లలో చాలావాటిని 1820లలోనే పెట్టేశారు. పునాది వేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బ్రోన్యార్. నిజం తెలిసేసరికి పేర్లు స్థిరపడిపోయాయి. అలెథోప్టెరిస్ అంటే ‘నిజమైన ఫెర్న్’ అని అర్థం. అది ఫెర్నే కాదు! శాస్త్రం పేర్లను మార్చకుండా అలాగే ఉంచిన ఈ హాస్యం నాకు చాలా ఇష్టం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇవి మొక్క పేర్లు కావు, ఆకు పేర్లు. చెట్టు కూలి కుళ్లేటప్పుడు ఆకు ఒకచోట, కాండం ఒకచోట, విత్తనం మరోచోట చేరాయి. దొరికిన ముక్కకు దొరికినట్టు పేరు పెట్టారు. ఒకే తరహా విత్తన ఫెర్న్‌కు కాండం మెడుల్లోసా, ఆకుకాడ మైలోజైలాన్, ఆకు అలెథోప్టెరిస్, మూడు గట్లున్న విత్తనపు అచ్చు ట్రైగోనోకార్పస్. కాబట్టి ‘ఇది అలెథోప్టెరిస్ చెట్టు’ అనడం కంటే ‘ఇది అలెథోప్టెరిస్ ఆకు’ అనడం సరైనది.

గుర్తుపట్టడానికి మొట్టమొదట దేన్ని చూడాలి?

ముందుగా మాటలు కుదుర్చుకుందాం. పెద్ద ఆకు చీలి చీలి రెమ్మలవుతుంది. రెమ్మకు రెండు వైపులా వరసగా ఉండే చిట్టచివరి చిన్న ముక్క పత్రకం. మన పరీక్షంతా పత్రకం మీదే.

రెమ్మ మధ్య భాగం నుంచి చక్కగా పరుచుకున్న ఒక పత్రకాన్ని ఎంచుకోండి. రెమ్మ కొసన ఉన్నవి కుదించుకుపోయి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అక్కడ అన్ని ప్రజాతులూ ఒకేలా కనిపిస్తాయి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుతురు ఉంటే చాలు. నెత్తిన నిటారుగా పడే వెలుతురులో ఈనెలు మాయమవుతాయి. దీపాన్ని రాయి చుట్టూ నెమ్మదిగా తిప్పితే ఒక కోణంలో ఉన్నట్టుండి ఈనెలన్నీ లేచి నిలబడతాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్న: పత్రకం కాడకు ఎలా అతుక్కుంది? అడుగు వెడల్పంతా అతుక్కుందా, లేక అడుగు నొక్కుకుపోయి ఒక్క బిందువు దగ్గరే పట్టుకుని ఉందా? తర్వాత నడిమి ఈనె. ఉందా లేదా, ఉంటే కొస వరకూ వెళ్లిందా, దారిలోనే చెదిరిపోయిందా? ఆపైన పక్క ఈనెలు. తిన్నగా అంచుకు వెళుతున్నాయా, విల్లులా వంగుతున్నాయా, ఎన్నిసార్లు చీలుతున్నాయి, ఒకదానితో ఒకటి కలిసి వలలా అల్లుకున్నాయా? చివరగా అంచు: నున్నగా ఉందా, తమ్మెలుగా చీలిందా? ఈ నాలుగింటికీ జవాబులు రాసుకున్నాకే పేరు గురించి ఆలోచించండి. ముందే పేరు అనుకుని రాయిని చూస్తే, రాయి మీరు అనుకున్నదే చూపిస్తుంది.

ముఖ్యమైన ఆకు రకాలు ఎలా ఉంటాయి?

పెకోప్టెరిస్ అంటే దువ్వెన ఫెర్న్. పేరుకు తగ్గట్టే పత్రకాలు దువ్వెన పళ్లలా వరసగా, కాడకు దాదాపు లంబంగా ఉంటాయి. అడుగు వెడల్పంతా అతుక్కుని ఉంటుంది. రెండు అంచులూ సమాంతరంగా సాగి, కొస గుండ్రంగా ముగుస్తుంది. నడిమి ఈనె స్పష్టంగా ఉంటుంది, పక్క ఈనెలు తక్కువ. అవి చీలకుండానో, ఒకటి రెండుసార్లు చీలో అంచు చేరతాయి. పత్రకాలు సాధారణంగా చిన్నవి.

అలెథోప్టెరిస్ పత్రకం మందంగా, ఉబ్బెత్తుగా, తోలు ముక్కలా ఉంటుంది. నడిమి ఈనె గాడిలా లోతుగా దిగి ఉంటుంది. పక్క ఈనెలు దట్టంగా, నడిమి ఈనెకు దాదాపు లంబంగా ఉంటాయి. అడుగు భాగం కాడ వెంట కిందికి జారి పక్క పత్రకంతో కలుస్తుంది.

న్యూరోప్టెరిస్ పత్రకం నాలుక ఆకారంలో ఉంటుంది. అడుగు హృదయాకారంలో నొక్కుకుపోయి ఒక్క బిందువు దగ్గరే కాడను పట్టుకుంటుంది. నడిమి ఈనె కొస చేరకుండానే చెదిరిపోతుంది. పక్క ఈనెలు చాలాసార్లు చీలుతూ విల్లులా వంగి అంచును చేరతాయి. ఇదే ఆకారంలో ఈనెలు వలలా అల్లుకుని, నడిమి ఈనె సరిగా లేకపోతే అది లినోప్టెరిస్. వల ఉండి నడిమి ఈనె కూడా ఉంటే రెటిక్యులోప్టెరిస్. అలెథోప్టెరిస్ ఆకారానికి వల ఈనెలు తోడైతే లొంకోప్టెరిస్.

ఒడొంటోప్టెరిస్‌లో అడుగు వెడల్పంతా అతుక్కుని ఉంటుంది గాని నడిమి ఈనె ఉండదు. కాడ నుంచే చాలా ఈనెలు నేరుగా పత్రకంలోకి ప్రవేశిస్తాయి.

స్ఫీనోప్టెరిస్ పత్రకాలు చిన్నవి, అడుగు సన్నబడి, తమ్మెలుగా చీలి ఉంటాయి. ఇప్పటి తోటల్లో పెంచే సన్నాకు ఫెర్న్‌ను తలపించేది ఇదే. నిజం చెప్పాలంటే ఈ ప్రజాతి ఒక అటక. మరెక్కడా ఇమడని సన్నాకులన్నింటినీ తరతరాలుగా ఇందులోకి నెడుతూ వచ్చారు. అందుకే దీని దగ్గర ఎవరి ఆత్మవిశ్వాసమైనా కొంచెం సడలాలి.

మారియోప్టెరిస్‌ను పత్రకంతో కాకుండా ఆకు నిర్మాణంతో పట్టాలి. ప్రధాన కాడ రెండుసార్లు చీలి నాలుగు భాగాలవుతుంది. రెమ్మ మొదట్లో కింది వైపున ఉండే పత్రకం మిగతావాటి కంటే పెద్దదిగా, రెండు తమ్మెలుగా ఉంటుంది. కాడ మీద అడ్డగీతలు కనిపిస్తాయి. కొన్ని జాతుల రెమ్మల చివర కొక్కేలున్నాయి. ఇవి పక్క చెట్లను పట్టుకుని ఎగబాకిన మొక్కలు.

పెకోప్టెరిస్‌కూ అలెథోప్టెరిస్‌కూ తేడా నాకు ప్రతిసారీ తికమకగానే ఉంటుంది. ఏమి చేయాలి?

ఈ తికమక అందరికీ ఉండేదే. రెండింటిలోనూ అడుగు వెడల్పంతా అతుక్కునే ఉంటుంది కాబట్టి ఆ ఒక్క లక్షణంతో తేలదు. రెండు పత్రకాల మధ్య ఉన్న సందును చూడండి. అలెథోప్టెరిస్‌లో ఆ సందు కాడ దాకా చేరదు. ఒక పత్రకం అడుగు కిందికి జారి, సన్నటి రెక్కలా కాడ వెంట సాగి, తర్వాతి పత్రకాన్ని అందుకుంటుంది. ఆ రెక్కలోకి కాడ నుంచి కొన్ని ఈనెలు నడిమి ఈనెతో సంబంధం లేకుండా నేరుగా వస్తాయి. ఈ అదనపు ఈనెలు కనబడితే ఇక సందేహం అక్కర్లేదు. పెకోప్టెరిస్‌లో ఈనెలన్నీ నడిమి ఈనె నుంచే పుడతాయి.

చేతికి తెలిసే తేడా కూడా ఒకటుంది. అలెథోప్టెరిస్ ఆకు మందం వల్ల రాతి మీద గట్టులా లేచి ఉంటుంది, గోటికి తగులుతుంది. పెకోప్టెరిస్ చాలాసార్లు కాగితంలా చదునుగా ఉంటుంది. అయితే ఇది మొగ్గు చూపడానికి పనికొస్తుందే గాని తీర్పు చెప్పడానికి చాలదు.

ఆకు మొత్తం లేదు, విడి పత్రకాలే రాలి ఉన్నాయి. వాటితో పేరు చెప్పవచ్చా?

విడిగా రాలడమే ఒక ఆనవాలు. ఒక్క బిందువు దగ్గర పట్టుకున్న పత్రకాలే తేలిగ్గా రాలతాయి. కాబట్టి రాతి నిండా విడి పత్రకాలుంటే న్యూరోప్టెరిస్, లినోప్టెరిస్, పారిప్టెరిస్ గుంపు వైపు చూడండి. పెకోప్టెరిస్ అలా రాలదు, రెమ్మ రెమ్మగా విరుగుతుంది.

వేలంత పొడవున్న పెద్ద నాలుకలాంటి పత్రకం దొరికి, దాని మీద ఈనెలను అడ్డంగా దాటుతూ చిన్న చిన్న సూదుల్లాంటి గీతలు చెల్లాచెదురుగా కనిపిస్తే అవి ఈనెలు కావు, వెంట్రుకలు. అది మాక్రోన్యూరోప్టెరిస్ ష్యూచ్‌జెరీ. కార్బోనిఫెరస్ ఆకుల్లో జాతి పేరుతో సహా నమ్మకంగా చెప్పగలిగిన కొద్దిపాటి వాటిలో ఇదొకటి. పెద్ద పత్రకం అడుగున రెండు చిన్న గుండ్రటి పత్రకాలు అంటుకుని ఉంటే ఇంకా మంచిది.

విసనకర్రలా గుండ్రంగా ఉండి, అడుగు నుంచి ఈనెలు నలువైపులా విచ్చుకునే ఆకులు కూడా దొరుకుతాయి. వాటిని సైక్లోప్టెరిస్ అంటారు. అది ప్రత్యేకమైన మొక్క కాదు. న్యూరోప్టెరిస్ తరహా పెద్ద ఆకుల ప్రధాన కాడ మొదట్లో ఉండే పత్రకాలవి.

ఒకే రాతిలో రెండు మూడు రకాల పత్రకాలున్నాయి. రెండు మూడు మొక్కలా?

తొందరపడవద్దు. ఈ ఆకులు కొన్ని మీటర్ల పొడవుండేవి. అరచేతిలో పట్టే రాతిముక్క అంత పెద్ద ఆకులో ఎక్కడిదో మనకు తెలియదు. మొదట్లో ఉన్న పత్రకాలు తమ్మెలుగా చీలి ఉంటే, మధ్యలో ఉన్నవి పూర్తి ఆకారంలో, చివర ఉన్నవి కలిసిపోయి ఉంటాయి. పాతకాలపు శాస్త్రజ్ఞులే ఒకే ఆకు వేర్వేరు భాగాలకు వేర్వేరు జాతుల పేర్లు పెట్టారు.

రాతిలో ప్రధాన కాడ దొరికితే అదృష్టమే. అది రెండుగా చీలి ఉంటే విత్తన ఫెర్న్ అని గట్టిగా అనుమానించవచ్చు. నిజమైన ఫెర్న్‌లలో కాడ సాధారణంగా చీలకుండా నిటారుగా సాగుతుంది. రెమ్మ కొసను కూడా చూడండి: ఒకే పత్రకంతో ముగిస్తే న్యూరోప్టెరిస్ దారి, జంట పత్రకాలతో ముగిస్తే పారిప్టెరిస్ దారి.

కాడకు అంటుకుని చీలికలు పేలికలుగా ఉన్న విచిత్రమైన ఆకులు కనిపిస్తే అవి అఫ్లీబియాలు. లేత ఆకును కాపాడిన తొడుగులని భావిస్తారు. గడియారపు స్ప్రింగులా చుట్టుకున్న లేత ఆకుకు స్పైరోప్టెరిస్ అని పేరు. చుట్టను బట్టి ఏ మొక్కదో చెప్పడం కష్టం.

ఆకు వెనుక చిన్న చిన్న చుక్కలున్నాయి. సిద్ధబీజాశయాలేనా?

అయితే మీ చేతిలో మంచి నమూనా ఉన్నట్టే. భూతద్దంలో చూడండి. చుక్కలు నడిమి ఈనెకు రెండు వైపులా క్రమంగా వరస కట్టి, ఒక్కో చుక్క నాలుగైదు గింజలు నక్షత్రంలా చేరినట్టుంటే అవి సిద్ధబీజాశయాలు. పెకోప్టెరిస్‌లో ఇలాంటి నక్షత్రాలున్న ఆకులను ఆస్టెరోథీకా అంటారు. ఈ అమరిక మరాటియేలిస్ అనే ఫెర్న్ వంశానిది. ఆ వంశం ఉష్ణమండల అడవుల్లో ఇప్పటికీ బతికే ఉంది.

చుక్కలు క్రమం లేకుండా ఎక్కడపడితే అక్కడ ఉండి, ఒక్కొక్కటీ నత్తగుల్లలా చుట్టుకుని ఉంటే అవి ఆకువి కావు. నీటిలో పడిన ఆకుల మీద మైక్రోకాంకిడ్‌లు అనే చిన్న జీవులు గుల్లలు కట్టుకున్నాయి. పాత పుస్తకాల్లో వాటిని స్పైరోర్బిస్ పురుగు గుల్లలుగా రాసేవారు. చాలామంది వాటిని సిద్ధబీజాశయాలనుకుని సంబరపడ్డారు. మొదట్లో నేనూ పడ్డాను.

చుక్కలేమీ లేనంత మాత్రాన విత్తన ఫెర్న్ అనడానికీ వీల్లేదు. నిజమైన ఫెర్న్‌కు కూడా సిద్ధబీజాశయాలు లేని రెమ్మలుంటాయి. పైగా రాయి చీలినప్పుడు మీకు ఆకు పైవైపు మాత్రమే కనబడుతూ ఉండవచ్చు. అందుకే రాయి రెండు చెక్కలనూ దాచుకోవాలి.

ఫెర్న్ అనుకుని పొరబడేవి ఇంకేమున్నాయి?

ఆన్యులేరియా: కాడ చుట్టూ చక్రాకారంగా, పువ్వు రేకుల్లా పరుచుకున్న సన్నటి ఆకులు. ఇవి గుర్రపుతోక మొక్కల బంధువైన కాలమైటిస్ అనే చెట్టువి. స్ఫీనోఫిల్లమ్ ఆకులు కూడా చక్రాకారంలోనే ఉంటాయి గాని ఒక్కో ఆకు త్రికోణపు చీలికలా ఉంటుంది. పేరులో స్ఫీనోప్టెరిస్‌ను తలపించినా చుట్టరికం లేదు. పట్టీలా పొడవుగా, సమాంతర ఈనెలతో ఉంటే కోర్డైటిస్. పాము పొలుసుల్లాంటి గుర్తులున్న బెరడు లెపిడోడెండ్రాన్‌ది.

అన్నింటికంటే ఎక్కువగా మోసం చేసేది అసలు శిలాజమే కాదు. రాతి పగుళ్లలో మాంగనీస్ ఆక్సైడ్ పేరుకుని నల్లటి కొమ్మల్లా విస్తరిస్తుంది. దాన్ని డెండ్రైట్ అంటారు. చూడటానికి ముచ్చటైన ఫెర్న్‌లా ఉంటుంది. కానీ దానికి నడిమి ఈనె ఉండదు, పత్రకాలు ఒకే కొలతలో ఉండవు, కొమ్మలు క్రమం లేకుండా చీలుతూ పోతాయి. పగులు ఎటు వెళితే అది అటు వెళుతుంది. ఆకు మాత్రం రాతి పొర వెంటే పడుకుంటుంది.

నల్లరాతి మీద తెల్లటి ఫెర్న్‌లు చూశాను. అది వేరే జాతా?

కాదు. రంగు రాతి కథ చెబుతుంది, మొక్క కథ కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని సెయింట్ క్లెయిర్ దగ్గర దొరికే ఆ నమూనాల్లో ఆకు స్థానాన్ని పైరోఫిల్లైట్ అనే తెల్లటి ఖనిజం ఆక్రమించింది. నల్లటి షేల్ మీద సున్నంతో ముగ్గు వేసినట్టుంటాయి. అలెథోప్టెరిస్, న్యూరోప్టెరిస్, పెకోప్టెరిస్ అన్నీ అక్కడ తెల్లగానే దొరుకుతాయి. ఇనుము చేరిన చోట ఎర్రగా, పసుపుగా కూడా ఉంటాయి.

ఇల్లినాయ్‌లోని మేజన్ క్రీక్ నమూనాలు ఇంకో తరహా. అక్కడ ఆకు చుట్టూ ఇనుప కార్బొనేట్ గట్టిపడి గుండ్రాయి అయింది. దాన్ని రెండుగా విడదీస్తే లోపల ఆకు కొంత ఉబ్బెత్తుగా, పూర్తిగా నలగకుండా కనిపిస్తుంది. బొగ్గు పొరల్లోపలే ఏర్పడిన బొగ్గు గోళాలు వీటికి భిన్నమైనవి. వాటిలో ఖనిజం కణాల్లోకి దిగడం వల్ల మొక్క లోపలి నిర్మాణం నిలిచింది. ఆ గోళాన్ని కోసి, ఆమ్లంతో తేలిగ్గా తినిపించి, ఎసిటేట్ పొరను అతికించి ఒలిచి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆలివర్, స్కాట్‌ల విత్తనం బయటపడింది అలాంటి గోళాల్లోంచే.

జాతి పేరు దాకా చెప్పడం సాధ్యమేనా?

కొన్నిసార్లు. ప్రజాతి పేరు ఆకారంతో చెప్పవచ్చు. జాతి పేరుకు కొలతలు కావాలి. పత్రకం పొడవుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి, అంచు వెంట ఒక సెంటీమీటరులో ఎన్ని ఈనెలు ముగుస్తున్నాయో లెక్క, ఈనె ఎన్నిసార్లు చీలిందీ చూడాలి. ఒక్క పత్రకం కొలిచి ఊరుకోకూడదు, దొరికినన్ని కొలవాలి. ఆపైన రాయి ఏ పొర నుంచి వచ్చిందో తెలియాలి. ఉదాహరణకు న్యూరోప్టెరిస్ ఓవాటా ఆకును కార్బోనిఫెరస్ మలి భాగంలోని వెస్ట్‌ఫాలియన్ డి అనే దశ ఆరంభానికి గుర్తుగా తీసుకుంటారు. పొర తెలిస్తే కుదరని పేర్లను ముందే కొట్టేయవచ్చు.

అదే లెక్క తిరగేసి, ఆకుతో పొర వయసు కూడా కడతారు. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో ఫెర్న్ లెడ్జెస్ అనే చోట ఉన్న రాళ్లు కార్బోనిఫెరస్‌కు ముందటి డెవోనియన్ యుగానివని చాలాకాలం వాదన నడిచింది. బ్రిటిష్ శాస్త్రజ్ఞురాలు మేరీ స్టోప్స్ అక్కడి ఆకులను ఒక్కొక్కటిగా మళ్లీ పరీక్షించి, అవి కార్బోనిఫెరస్‌వేనని 1914లో తేల్చింది.

పాత చీటీల మీది పేర్లను మాత్రం గుడ్డిగా నమ్మవద్దు. 1990లో న్యూరోప్టెరిస్ ప్రజాతిని విడగొట్టి మాక్రోన్యూరోప్టెరిస్, లావినియోప్టెరిస్ వంటి కొత్త ప్రజాతులు చేశారు. అంతకుముందు రాసిన చీటీలో న్యూరోప్టెరిస్ అని ఉంటే ఇప్పుడు దాని పేరు మారి ఉండవచ్చు. ‘పెకోప్టెరిస్, జాతి తేలలేదు’ అని రాసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. తప్పుడు జాతి పేరు కంటే అదే ఎక్కువ విలువైన సమాచారం.

దక్షిణ ఖండాల బొగ్గు గనుల్లోనూ ఇవే ఆకులు దొరుకుతాయా?

సాధారణంగా దొరకవు. భారతదేశం, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అంటార్కిటికా అప్పట్లో గోండ్వానా అనే మహాఖండంలో దక్షిణాన ఉండేవి. కార్బోనిఫెరస్ మలి భాగంలో అక్కడ మంచు రాజ్యమేలింది. అక్కడి ప్రధానమైన బొగ్గు తర్వాతి పెర్మియన్ యుగానిది. అందులో రాజు గ్లోసోప్టెరిస్. ‘నాలుక ఫెర్న్’ అని దాని పేరుకు అర్థం. అదీ ఫెర్న్ కాదు, విత్తన మొక్కే. చీలని పెద్ద నాలుకలాంటి ఆకు, వల ఈనెలు కనబడితే కార్బోనిఫెరస్ పేర్లను పక్కన పెట్టి దాని వైపు చూడండి.

ఆకు కాకుండా కాండం దొరికితే?

నిజమైన ఫెర్న్ చెట్ల కాండాన్ని సారోనియస్ అంటారు. అది సుమారు పది మీటర్ల ఎత్తు పెరిగేది. కాండం నిజానికి సన్ననిది. చుట్టూ వేర్లు దట్టంగా అల్లుకుని దాన్ని మోసేవి. బయటి ఉపరితలం మీద ఆకులు రాలిన పెద్ద గుండ్రటి మచ్చలుంటాయి. ఆ మచ్చలు రెండే వరసల్లో ఉంటే మెగాఫైటాన్, కాండం చుట్టూ ఉంటే కాలోప్టెరిస్. పెన్సిల్వేనియన్ చివరి దశలో వాతావరణం మారి లెపిడోడెండ్రాన్ వంటి చెట్లు వెనుకబడ్డాక ఉష్ణమండల చిత్తడుల్లో ఈ ఫెర్న్ చెట్లే పైచేయి సాధించాయి. అందుకే పై పొరలకు వెళ్లేకొద్దీ పెకోప్టెరిస్ ఆకులు గుట్టలుగా దొరుకుతాయి.

నమూనాను కడగవచ్చా? వార్నిష్ పూయవచ్చా?

వార్నిష్ వద్దేవద్దు. మెరుపు ఈనెలను మింగేస్తుంది, కొన్నేళ్లకు పసుపెక్కుతుంది, మళ్లీ తీయడం నరకం. ఆకు పొర పెచ్చులు లేస్తుంటే సంగ్రహాలయాల్లో వాడే పారలాయిడ్ బి-72 అనే జిగురును ఎసిటోన్‌లో పల్చగా కలిపి వాడతారు. అవసరమైతే దాన్ని మళ్లీ కరిగించి తీసేయవచ్చు.

నీటి సంగతికొస్తే, షేల్ కొన్నిసార్లు నీరు తగిలితే పొరలు పొరలుగా విడిపోతుంది. ముందు ఆకు లేని మూల మీద ఒక చుక్క వేసి చూడండి. రాతిలో పైరైట్ (ఇనుమూ గంధకమూ కలిసిన బంగారు రంగు ఖనిజం) మెరుపు కనబడితే నీళ్లకు దూరంగా, పొడిచోట ఉంచండి. తేమ తగిలితే పైరైట్ గాలితో కలిసి ఆమ్లంగా మారి రాయినీ చీటీనీ కూడా తినేస్తుంది. గంధకపు వాసన, తెల్లటి పొడి దాని మొదటి హెచ్చరికలు.

మేజన్ క్రీక్ తరహా గుండ్రాళ్లను సుత్తితో మోదకండి. నీటిలో నానబెట్టి గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తూ పోతే చాలావరకు ఆకు ఉన్న బలహీనమైన పొర వెంట వాటంతట అవే విచ్చుకుంటాయి. వారాలు పట్టవచ్చు.

తెలిసినవారికి చూపించాలంటే ఫోటో ఎలా తీయాలి?

మూడు ఫోటోలు కావాలి. రాయి మొత్తం కనిపించేది ఒకటి, ఒక రెమ్మ దగ్గరగా ఒకటి, ఒకటి రెండు పత్రకాల అడుగూ ఈనెలూ కనిపించేది ఒకటి. చాలామంది మొదటిది మాత్రమే పంపి పేరు అడుగుతారు. దానితో ఎవరూ ఏమీ చెప్పలేరు. వెలుతురు ఎడమవైపు పైనుంచి ఏటవాలుగా పడాలి. ఫ్లాష్ వద్దు. మూడింటిలోనూ పక్కన మిల్లీమీటర్ల స్కేలు ఉండాలి. నాణెం పెడితే అవతలి వ్యక్తికి ఆ నాణెం కొలత తెలియాలి కదా.

ఫోటోతో పాటు రాయి దొరికిన చోటు, గని లేదా తవ్వకం గుట్ట పేరు, తెలిస్తే రాతి పొర పేరు, తీసిన తేదీ పంపండి. అదే సమాచారాన్ని చీటీ మీద రాసి రాతితోనే ఉంచండి. రాయి వెనుక ఒక సంఖ్య వేసి, రెండో చెక్క మీద కూడా అదే సంఖ్య వేయండి. చీటీ మీద పేరును పెన్సిలుతో రాయండి. చోటును మాత్రం చెరగని సిరాతో రాయాలి.